ఒక్క ‘జి’ తేడా

మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి వచ్చాక ఇంట్లోకి డెస్క్‌టాప్ కొనక తప్పలేదు. భాగాలు విడివిడిగా కొని తెస్తే తానే బిగించుకుంటానంది. ఏమేం కావాలో కాగితం మీద రాసిచ్చింది. ప్రాసెసర్ అన్నచోట ‘రైజెన్ 5 5600జి’ అని ఉంది. రెండో శనివారం సెలవు కదా అని నేనే బజారుకు వెళ్లాను. “5600జి స్టాకు లేదండి. 5600 ఉంది. దాని తర్వాత వచ్చిందే, ధర కూడా తక్కువ” అన్నాడు కొట్టతను. ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పని మాటే మమ్మల్ని ముంచింది.

సాయంత్రానికి అంతా బిగించింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లోపల లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. “ఎక్కడో తప్పు బిగించి ఉంటావు. తెలిసినవాళ్లతో చేయిద్దామంటే విన్నావు కాదు” అని కాస్త గట్టిగానే అన్నాను. పిల్ల మాట్లాడకుండా అన్నీ విప్పి మళ్లీ బిగించింది. ఒకసారి కాదు, రెండుసార్లు. సోమవారం దాని ప్రాజెక్టు రివ్యూ. రాత్రి పదకొండింటికి ప్రాసెసర్ పెట్టె తిప్పి చూసి, “నాన్నా, ఇందులో జి ఏదీ?” అంది.

ఇరవై ఏడేళ్లుగా ఖాతాదారులకు “చదవకుండా సంతకం పెట్టకండి” అని చెబుతున్నవాణ్ణి. పెట్టె మీది పేరు చదవకుండా డబ్బు కట్టేశాను. తప్పు నాదేనని అప్పుడే దానితో అన్నాను. సీలు తీసిన పెట్టెను కొట్లో వెనక్కి తీసుకోలేదు. ఆదివారం మా బ్రాంచి సహోద్యోగి కొడుకు దగ్గర మూలపడి ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డు అరువు తెచ్చి పెడితే తెర వెలిగింది. రివ్యూ గట్టెక్కింది.

ఇంతకీ ఆ జి ఏమిటి? రెండు ప్రాసెసర్లూ ఏఎండీ కంపెనీవే. 5600జి 2021 ఆగస్టులో, 5600 2022 ఏప్రిల్‌లో విడిగా అమ్మకానికి వచ్చాయి. రెండింటిలోనూ జెన్ 3 రకం కోర్లు ఆరేసి, థ్రెడ్లు పన్నెండేసి. కూర్చునేది ఒకే ఏఎం4 సాకెట్‌లో. మన భాషలో చెప్పాలంటే ఆరు కౌంటర్ల బ్రాంచి. ఒక్కో గుమాస్తా రెండు టోకెన్లు దగ్గర పెట్టుకుని, ఒకరు ఫారం నింపేలోగా రెండోవారి పని చూస్తుంటాడు.

వేగం దగ్గర నేను మొదట బోల్తాపడ్డాను. 5600కి బేస్ వేగం 3.5 గిగాహెర్ట్జ్, 5600జికి 3.9. అయితే జి ఉన్నదే ఎక్కువ వేగం అనుకున్నాను. కానీ బేస్ అనేది పొదుపు ఖాతాలో కనీస నిల్వ లాంటిది. మామూలుగా నడిచే ఖాతాలో డబ్బు దానికి పైనే ఉంటుంది. గాలి బాగా ఆడే డబ్బాలో ప్రాసెసర్ కూడా అంతే. పైకి వెళ్లగల హద్దు రెండింటికీ ఒకటే, 4.4 గిగాహెర్ట్జ్. పెట్టె మీద కనిపించే 65 వాట్లు కూడా రెండింటికీ ఒకటే. అది ఎంత వేడిని తట్టుకునే కూలర్ కావాలో చెప్పే లెక్క. కరెంటు మీటరు రీడింగు అనుకోకూడదు.

అసలు తేడా క్యాష్‌లో ఉంది. మన క్యాష్ కాదు లెండి, కానీ కథ అలాంటిదే. క్యాషియర్ సొరుగులో నోట్లుంటే చెల్లింపు క్షణంలో అయిపోతుంది. అయిపోతే స్ట్రాంగ్ రూముకు వెళ్లాలి. రెండో తాళంచెవి ఉన్న ఆఫీసరు కోసం చూడాలి. అంతసేపూ కౌంటరు ఎదుట వరుస కదలదు. ప్రాసెసర్‌కు ర్యామ్ స్ట్రాంగ్ రూమయితే, ఎల్3 క్యాష్ అందరికీ అందుబాటులో ఉన్న సొరుగు. 5600లో అది 32 మెగాబైట్లు, 5600జిలో 16. సొరుగు సగమైంది ఎందుకంటే, జి చిప్‌లోనే గ్రాఫిక్స్ విభాగానికి కూడా చోటివ్వాలి. తెర మీద బొమ్మ వేసేది ఆ విభాగమే. 5600లో అది అసలు లేదు. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ కన్నం ఉంది కదా, బొమ్మ ఎందుకు రాదు అని ఆ రాత్రి నేను వాదించాను. కన్నం ఉంటుంది, అందులోంచి పంపడానికి లోపల ఎవరూ ఉండరు.

మా గొడవ విన్న క్రెడిట్ విభాగం మిత్రుడు తన ఇంటికి 5600జియే కొన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూద్దామని రెండు ఆదివారాలు కూర్చున్నాం. మొదటి ఆదివారం రాసుకున్నదంతా కొట్టేయాల్సి వచ్చింది. మా దాంట్లో ఎనిమిది జీబీ ర్యామ్ ముక్కలు రెండు, ఆయన దాంట్లో ఒక్కటే. అలాంటి పోలికకు అర్థం లేదు. పైగా జిలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. ఒక్క ముక్కతో దారి ఇరుకు. రెండోది పెట్టగానే అదే గేమ్ ఆగి ఆగి నడవడం మానేసింది.

రెండో వారం ర్యామ్ సమానం చేసి, ఒకే కార్డును ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టి, ప్రతి పనీ మూడేసిసార్లు చేయించాం. పెద్ద ఎక్సెల్ షీటు, ఫైళ్లు కుదించడం, పెళ్లి వీడియో మార్చడం వంటి వాటిల్లో తేడా చెప్పుకోదగ్గది కాదు. అదే యంత్రం రెండోసారికి చూపించిన తేడా కూడా దాదాపు అంతే ఉంది. గేముల్లో మాత్రం 5600 స్పష్టంగా ముందుంది, ముఖ్యంగా బొమ్మ నాణ్యత తగ్గించి కార్డు మీద బరువు లేకుండా చేసినప్పుడు. పెద్ద సొరుగు అక్కడ పనికొచ్చింది. ఇక కార్డు తీసేస్తే పోటీయే లేదు. ఒకటి గేమ్ ఆడిస్తుంది, రెండోది తెరే వెలిగించదు.

కార్డు కొనే ఉద్దేశం లేని ఇంటికి జి, రెండు ర్యామ్ ముక్కలతో. గేముల కోసం కార్డు ఎలాగూ కొంటారనుకుంటే జి లేనిది. ఇంటెల్‌లో అక్షరం అర్థం తలకిందులు. కోర్ ఐ5 12400లో గ్రాఫిక్స్ ఉంటుంది, 12400ఎఫ్‌లో ఉండదు. అక్కడ అక్షరం ఉంటేనే కార్డు కావాలి.

మొన్న మా బావమరిదికి మా అమ్మాయి జాబితా రాసిచ్చింది. జి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, కొట్లో పెట్టె ఫోటో తీసి తనకు పంపాకే డబ్బు కట్టమంది. అరువు తెచ్చిన కార్డు ఇంకా మా ఇంట్లోనే ఉంది.