చంటిబిడ్డకు క్రిస్మస్ కానుక
పాఠ్యభాగం: మత్తయి 2:11



జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు. అవి ఆటవస్తువులు కావు, ఆరాధన కానుకలు. మన ఇంటి రెండేళ్ల బిడ్డకు కొనేటప్పుడు మాత్రం బిడ్డ ఈడే కొలత.

1. నోరు: ఈ ఈడు బిడ్డ చేతికందినదెల్లా నోట పెట్టుకుంటాడు. అడ్డంగా నాలుగున్నర సెంటీమీటర్లకు తక్కువైన బంతి వద్దు. బిళ్ల బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. బ్యాటరీ అర స్క్రూతో బిగించి ఉండాలి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన మన కోవిల్‌పట్టి కడలై మిట్టాయి పెద్దలు తినవచ్చు. పసివాడికి వేరుశనగ పలుకు ఊపిరికి అడ్డం పడుతుంది.

2. గుర్తు: ఫ్యాక్టరీ బొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. చూసి కొనండి.

3. మాట: అరుప్పుకోట్టైలో మన పిల్లలకు బడిలో, వీధిలో తమిళం వస్తుంది. తెలుగు వచ్చేది ఒడిలోనే. తానే వాగే బొమ్మకన్నా అట్టల బొమ్మల పుస్తకం మేలు. అవ్వ దగ్గర కూర్చోబెట్టుకొని "ఇది ఆవు, ఇది ఏనుగు" అని చూపాలి. అక్షరం రాని అవ్వ కూడా ఈ పాఠం చెప్పగలదు.

ఆలోచించండి: మీరు కొనే కానుకతో బిడ్డ పక్కన కూర్చునేది ఎవరు?