విత్తనము ప్రాణి యగునా?

మా ప్రదర్శనములకు వచ్చు రైతుల నొక ప్రశ్న యడుగుట మాకు వాడుక: "మీ యింట నున్న ప్రాణు లెన్ని?" మొదట మనుష్యులను, పిదప ఎద్దులను, గేదెలను, కోళ్లను లెక్కింతురు. కొంచెము యోచించువారు పెరటిలోని మునగచెట్టును, పందిరిమీది బీరతీగెను చేర్తురు. విత్తనమునకై గాదెలో దాచిన కాయలను లెక్కించువారు మిక్కిలి యరుదు. నిజమునకు ఆ యింటి ప్రాణులలో నధికసంఖ్యాకము లవియే. ఈ సంగతి నెఱుగమిచే నష్టము కలదు. ఎద్దు జబ్బుపడిన నాడే తెలియును; విత్తనము చచ్చిన సంగతి మాత్రము విత్తి, పదను పోయి, చాళ్లు బోసిగా నగపడిన పిదప గాని తెలియదు. అప్పటికి విత్తనపు అప్పు సంఘపు పుస్తకములలో వ్రాయబడియే యుండును.

ప్రాణి యనగా నేమి? కదలునది ప్రాణి యందమా, బండియు కదలును, ఏరును కదలును. తిని పెరుగునది యందమా, నిప్పు కట్టెలను తిని పెరుగును, పొరుగువాని వామికి గూడ వ్యాపించును. అయినను నిప్పును ప్రాణి యనము. కావున ఒక్క గుర్తు చాలదు, కొన్ని గుర్తులు కూడి యుండవలెను. 1665లో ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్కు బెండును పలుచగా కోసి సూక్ష్మదర్శనిలో చూచి, అందు తేనెపట్టు గదులవంటి చిన్న గదులున్నవని ప్రకటించెను. ఆయన చూచినవి చచ్చిన గదుల గోడలు మాత్రమే. 1838లో ష్లైడెను చెట్లును, 1839లో ష్వాను జంతువులును అట్టి గదులతోనే కట్టబడినవని చెప్పిరి. వానినే జీవకణము లనుచున్నాము. వరియాకు, ఎద్దు చర్మము, మన నాలుక, అన్నియు కణముల కూర్పులే. కల్లును పులియజేయు ఈస్టు అను జీవికి దేహమంతయు నొక్కటే కణము. వేరుసెనగ వేళ్ల బుడిపెలలో నుండి గాలిలోని నత్రజనిని పైరున కందించు సూక్ష్మజీవియు నట్టిదే. ఒక్క గదిలోనే కాపురమున్నను ఆ జీవి ఆహారము గ్రహించును, మలినమును విడుచును, చెమ్మను వేడిమిని గుర్తెఱిగి మసలుకొనును, పెరుగును, తన జాతి చొప్పున సంతానమును కనును. జాతి లక్షణములను మోయు వ్రాత యొకటి దాదాపు ప్రతి కణమునను గలదు. దాని కట్టడమును 1953లో వాట్సను, క్రిక్కు అనువారు వెల్లడించిరి. ఆ వ్రాతకు అక్షరములు నాలుగే, అవి గడ్డిపోచకును ఏనుగునకును నొకటియే.

ఈ గుర్తులన్నిటిలో రైతునకు ముఖ్యమైనది ఊపిరి. దీనిని కంటితోనే చూడవచ్చును. కొంచెము సున్నమును నీట కలిపి రాత్రి యుంచిన, తెల్లవారుసరికి పైకి తేట తేఱును. ఆ తేటను గాజుగ్లాసులో వంచుకొని, బొప్పాయియాకు కాడను గొట్టముగా చేసికొని మెల్లగా ఊదుడు. పొరపాటుననైనను పీల్చరాదు, నోరు పొక్కును. కొలది సేపటికి తేట పాలవలె తెల్లబడును. మన ఊపిరితో వెలువడు బొగ్గుపులుసు వాయువు చేసిన పని యిది. ఇక మొలకెత్తుచున్న పెసలు రెండు గుప్పిళ్లు వెడల్పుమూతి సీసాలో వేసి, అందే చిన్న గిన్నెలో సున్నపుతేట నుంచి, గట్టిగా మూతపెట్టి మరునాడు చూడుడు. ఆ తేటమీదను తెల్లని తెట్టు కట్టియుండును. వట్టి గాలి సోకినను తేటపై కొంచెము మీగడ కట్టును గాన, పెసలు లేని సీసా యొకటి ప్రక్కన నుంచి పోల్చి చూచుట న్యాయము. పెసలకు ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు. అయినను అవి ఊపిరి విడుచుచున్నవి.

ఊపిరి యెందులకు? ఆహారమును మెల్లగా కాల్చి శక్తిని రాబట్టుకొనుటకు. గాదెనిండ ధాన్యమున్నను అంగడిలో ఉప్పు కొనుటకు చిల్లర కావలెను గదా! కణములోని పిండియు నూనెయు ధాన్యపు రాసుల వంటివి. వానిని మార్చగా వచ్చు చిల్లర ఆడినోసీను ట్రైఫాస్ఫేటు అను పదార్థము. దీనిని 1929లో జర్మనీలో లోమాను ఒకవైపునను, అమెరికాలో ఫిస్కేయు, మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారును మరియొకవైపునను కనుగొనిరి. బరువు లాగు ఎద్దు కండలోను, మొలకెత్తు గింజలోను, పులియు కల్లులోను చెల్లు నాణె మిదియే. ఇందు భాస్వరము కలదు. పైరునకు సూపరుఫాస్ఫేటు వేయుటలోని యర్థ మిందుమూలమున కొంత బోధపడును.

ఇప్పుడు గాదె కడకు వత్తము. బాగుగా ఎండిన గింజ నిద్రించు ప్రాణి. దాని ఊపిరి గుర్తింపరానంత సన్నగిలును. చెమ్మ తగిలిన కొలది ఊపిరి హెచ్చును. ఊపిరివలన వేడియు, మరికొంత చెమ్మయు పుట్టి, అవి తిరిగి ఊపిరిని హెచ్చించును. తడి ధాన్యపు రాశిలో చేయి పెట్టిన వెచ్చగా తగులుట యిందుచేతనే. పురుగులును బూజును అందు చేరి తామును ఊపిరి తీయును. మొలక కొరకు తల్లిమొక్క కట్టి యిచ్చిన సద్దిమూట దారిలోనే ఖర్చగును, తుదకు అంకురము చచ్చును. చచ్చిన గింజ బ్రతికినదానివలెనే యుండును, తూకమునకు తూగును, మొలవదు.

హారింగ్టను అను అమెరికా శాస్త్రజ్ఞుడు చెప్పిన లెక్క యొకటి కలదు. గింజలోని చెమ్మను నూటికి 1 పాలు తగ్గించిన విత్తనపు ఆయువు రెండింత లగును. ఉంచిన చోటి వేడిమిని 5 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గించినను రెండింత లగును. చెమ్మ నూటికి 5 మొదలు 14 పాళ్ల వఱకు ఈ లెక్క మొత్తముమీద సరిపోవును. వేడిమి రైతు చేతిలో నంతగా లేదు, ఎండబెట్టుట కలదు. విత్తన ధ్రువీకరణ నిబంధనల ప్రకారము సాధారణ సంచులలో నుంచు వరి విత్తనమున చెమ్మ నూటికి 13ను, వేరుసెనగలో 9ని మించరాదు. ఎండవలెను గదా యని నడిమిటెండలో కాలుచున్న బండమీద విత్తనమును బోయువారు కలరు. అది మాకు సమ్మతము కాదు, ఆ వేడికి అంకురము మాడును. ప్రొద్దుటి యెండలో పలుచగా పోసి తిరుగవేయుట మేలు. వేరుసెనగను కాయగానే దాచవలెను, పైపొట్టు దానికి కవచము. ఒలిచిన పప్పు నూనెగలది గావున త్వరగా చెడును. గుత్తిరకములకు సాధారణముగా నిద్రయే లేదు. కోతవేళ వాన పట్టిన గింజలు నేలలోనే మొలకెత్తును. అట్టి పంటలోనుండి విత్తనము తీయునపుడు మొలక కదలిన కాయలను వేరుచేయవలెను. సంచులను నేలమీద గాక దుంగలపై, గోడకు జానెడు ఎడముగా పేర్చవలెను.

విత్తుటకు నెలదినముల ముందు 100 గింజలను లెక్కించి, తడిపిన గోనెపట్టలో వరుసగా పేర్చి చుట్టి, నీడను ఉంచి, ఆఱకుండ నీరు చిలుకరింపవలెను. వేరుసెనగను 10వ దినమునను, వరిని 14వ దినమునను లెక్కింపవచ్చును. వేరుసెనగ 70కిని, వరి 80కిని తగ్గిన ఆ విత్తనము నమ్మదగినది కాదు; వేరొకటి సంఘమునుండి తెచ్చుకొనుటకు వ్యవధి యింకను ఉండును. పరీక్షకు మంచి గింజలను ఏరి పెట్టరాదు. సంచి పైనుండియు, నడుమనుండియు, అడుగునుండియు చేతికి వచ్చినవి వచ్చినట్లు తీయవలెను.