నీలి పట్టీకి ముందు

హుగ్లీపై బడ్జ్ బడ్జ్‌ను దాటి కలకత్తా చేరే ఓడలు సరకులతో పాటు విద్యలను కూడా మోసుకువచ్చాయి. రవీంద్రుని ఆహ్వానంపై 1905లో జిన్నోసుకే సానో, 1929లో షింజో తకగాకి జపాను నుండి వచ్చి శాంతినికేతనంలో జూడో నేర్పారు; బాలికలు సైతం అభ్యసించారు. ఆ విద్యనే 1914లో మిత్సుయో మయేదా బ్రెజిల్‌కు చేర్చగా, అక్కడ అది జియు జిత్సుగా రూపుదిద్దుకొన్నది.

అందులో పెద్దలకు తెల్ల పట్టీ తరువాతిది నీలి పట్టీ. దానిని కోరేవాడు ఎదుటివానిని ఎత్తి పడవేసి మెప్పించనక్కరలేదు. దెబ్బ తగలకుండా పడటం, మీద కూర్చున్న బలశాలి క్రింద నుండి తుంటిని ప్రక్కకు జరిపి బయటపడటం, వెల్లకిల ఉండి కాళ్లతోనే అతనిని నిలువరించటం రావాలి. మన గోదాలో వీపు నేలకు ఆనితే ఓటమి. ఇక్కడ పాఠం మొదలయ్యేదే అక్కడ. మెడపట్టు బిగిసినప్పుడు చేతితో తట్టి ఓటమి తెలుపవచ్చు. తట్టగానే అవతలివాడు వదలాలి. కొద్ది క్షణాలు ఆలస్యమైనా స్పృహ తప్పుతుంది.