వీడియో పాఠం ఆగి ఆగి ఎందుకు వస్తుంది?



2024 డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం మన స్టడీ హాల్లో జరిగిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పదో తరగతి వాళ్ళంతా కంప్యూటరు ముందు కింద కూర్చున్నారు. తెర మీద లెక్కల సారు త్రిభుజాల పాఠం మొదలుపెట్టారు. నిమిషం గడిచిందో లేదో, సారు గొంతు సాగిపోతూనే ఉంది గానీ సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. కాసేపటికి ఆ చెయ్యి ఒక్కసారిగా బోర్డుకు అటు చివర తేలింది. ఈ లోపల సారు రాసిన రెండు మెట్లు రాస్తుండగా ఎవరూ చూడలేదు. "అన్నా, అది ఎట్లా వచ్చింది?" అని ముందు వరసలో తమ్ముడు అడిగాడు. మేము తెల్లమొహం వేశాం.

ఎందుకంటే ఆ వీడియోలు తయారుచేసింది మేమే. ఇదే హాస్టల్లో ఉండి చదువుకుని ఇప్పుడు పీజీ చేస్తున్న ముగ్గురం. ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం. కంప్యూటర్లు చదువుతున్నారు కదా అని ఊళ్ళో పొలం మోటారు స్టార్టరు పాడైనా మమ్మల్నే పిలుస్తారు. అలాంటి మా చేతి పని మీ ముందు నవ్వులపాలైంది.

జరిగింది ఇదీ. ఆదివారాలు వచ్చి మీకు లెక్కలు చెప్పే రిటైరైన సారు కూతురి దగ్గరకు వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఆయన వెళ్ళేలోగా 22 పాఠాలు ఫోనులో రికార్డు చేశాం. ఒక్కోటి 40 నిమిషాలు. ఫోనులో 1080పి, సెకనుకు 60 ఫ్రేములు అనే సెట్టింగు పెట్టాం. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకున్నాం. ఒక్కో పాఠం దాదాపు 6 జీబీ వచ్చింది. మా దగ్గర ఉన్నదేమో 4 జీబీ పెన్‌డ్రైవు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హెచ్.265 పద్ధతి ఎంచుకుని, రాత్రంతా లాప్‌టాప్ నడిపి, ఒక్కో పాఠాన్ని 170 ఎం.బి.కి కుదించాం. ఇరవై రెండూ ఆ చిన్న పెన్‌డ్రైవులో పట్టేసరికి మాకు చాలా గర్వంగా అనిపించింది. ఫోన్లు నిండిపోయాయని అసలు ఫైళ్ళు చెరిపేశాం. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాం.

ఆ రోజు నింద మొత్తం కంప్యూటరు మీద పడింది. అది ఎవరో దాత ఇచ్చిన పాత కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్. పెన్‌డ్రైవు పాడైందని ఒకరు, వైరస్ అని ఒకరు అన్నారు. కోడెక్ ప్యాకులు నాలుగైదు వేసి చూడమన్నారు ఇంకొకరు. వి.ఎల్.సి. ప్లేయరు తనకు కావలసిన డీకోడర్లు తన వెంటే తెచ్చుకుంటుంది కాబట్టి, దానికి ఈ ప్యాకులతో పని లేదు. ర్యామ్ మార్చడానికి ఎంతవుతుందని వార్డెన్ సారు అడిగారు. మేము కనుక్కుని చెబుతామన్నాం. చెప్పకపోవడమే మంచిదైంది. ముందు లోపం ఎక్కడుందో తెలియాలి కదా.

అసలు వీడియో అంటే ఏమిటో కొంచెం చూద్దాం. అది వరసగా చూపే నిశ్చల చిత్రాల గొలుసు. సెకనుకు 60 చిత్రాలంటే ఒక్కో చిత్రం సిద్ధం చేయడానికి కంప్యూటరుకు దొరికే వ్యవధి 16.7 మిల్లీ సెకన్లు. 1920 నిలువు వరసలు, 1080 అడ్డ వరసలు ఉన్న ఒక్క చిత్రం విప్పిన తర్వాత సుమారు 3.1 ఎం.బి. ఉంటుంది. అలాంటివి 60 అంటే సెకనుకు 186 ఎం.బి. పైనే. మా ఫైలులో సెకను పాఠానికి ఉన్నది 70 కె.బి. మాత్రమే. అంటే 70 కె.బి. చదివి, దాన్ని 186 ఎం.బి. బొమ్మలుగా విప్పాలి, అదీ ప్రతి సెకనూ.

సగ్గుబియ్యం వడియాలు తెలుసు కదా. డబ్బాలో పిడికెడు చోటు చాలు. వార్షికోత్సవం రోజు బంతి మీద అందరూ కూర్చున్నాక వంటాయన వాటిని నూనెలో వేస్తే బుట్టెడు అవుతాయి. కానీ బంతి సాగే వేగానికి వేయించి అందించాలి, పొయ్యి చిన్నదైతే మధ్యలో కొన్ని విస్తళ్ళు ఖాళీగా దాటిపోతాయి. వీడియోలో విప్పే పని ఆ వేయించడం లాంటిది. మేము డబ్బా ఎంత చిన్నదైందో చూసుకున్నాం గానీ పొయ్యి సంగతి ఆలోచించలేదు.

గొంతు ఆగకుండా బొమ్మ మాత్రమే ఎందుకు ఆగింది? శబ్దం విప్పడం చాలా తేలిక పని. ప్లేయరు మామూలుగా శబ్దాన్నే గడియారంగా పెట్టుకుని నడుస్తుంది. ఒక చిత్రం సిద్ధమయ్యేసరికి దాని సమయం దాటిపోతే దాన్ని చూపకుండా వదిలేస్తుంది. మనకు గాల్లో చెయ్యి కనబడి, తర్వాత ఒక్క గెంతు కనబడేది అందుకే.

ఇక మేము చేసిన పరీక్షలు. వీటికి పైసా ఖర్చు లేదు.

మొదట పాఠాన్ని పెన్‌డ్రైవు నుంచి హార్డ్ డిస్కుకు కాపీ చేసి చూశాం. ఏమీ మారలేదు. నిజానికి లెక్క వేస్తే ముందే తెలిసేది. సెకనుకు 70 కె.బి. ఇవ్వలేని పెన్‌డ్రైవు ఎక్కడా ఉండదు. దాంతో పెన్‌డ్రైవు మీద నింద తొలగిపోయింది. తర్వాత అదే పాఠాన్ని రెండుసార్లు వేసి, ఆగిన చోట్లు కాగితం మీద రాసుకున్నాం. ప్రతిసారీ కచ్చితంగా ఒకే క్షణంలో ఆగితే ఫైలులోనే దెబ్బ ఉందని ముందుగా అనుమానించాలి. మాకు అప్పుడొక చోట, ఇప్పుడొక చోట ఆగింది. అదే ఫైలు మా లాప్‌టాప్‌లో నీళ్ళు పారినట్టు నడిచింది. ఒక పాత సినిమా ఫైలు హాస్టల్ కంప్యూటరులో చక్కగా నడిచింది. అంటే విడివిడిగా చూస్తే ఫైలు చెడిపోలేదు, కంప్యూటరూ చెడిపోలేదు. ఆ రెండింటికీ పొత్తు కుదరడం లేదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. పాఠం నడుస్తుండగా చూస్తే ప్రాసెసరు 95 నుంచి 100 శాతం మధ్య కొట్టుకుంటోంది. ఇక్కడ ఒక మోసం ఉంది. రెండు కోర్లున్న ప్రాసెసరులో 50 శాతం కనబడినా, ఒక కోరు పూర్తిగా నిండిపోయి ఉండవచ్చు. సగం ఖాళీగా ఉందని మోసపోకండి. వి.ఎల్.సి.లో టూల్స్ మెనూలో మీడియా ఇన్ఫర్మేషన్ తెరిచి స్టాటిస్టిక్స్ పేజీ చూస్తే పోయిన ఫ్రేముల లెక్క ఉంటుంది. మేము చూస్తుండగానే అది ఆటో మీటరులా పెరిగిపోతోంది.

ఇంకో రెండు అనుమానాలు కూడా తీర్చుకున్నాం. వీడియో కిటికీని అగ్గిపెట్టెంత చేసి చూశాం. అలా చేస్తే సాఫీగా నడిచి, తెర నిండా పెడితే ఆగుతుంటే, గ్రాఫిక్స్ డ్రైవరు సరిగ్గా లేదేమో చూసుకోవాలి. విండోస్ కొత్తగా వేశాక డ్రైవరు వేయడం మరిచిపోయిన చోట ఇలా జరుగుతుంది. మాకు చిన్న కిటికీలోనూ ఆగింది. తర్వాత క్యాబినెట్ విప్పాం. ప్రాసెసరు మీది ఫ్యానులో సుద్దపొడి, దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. వేడెక్కితే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత ఆగడం మొదలైతే ముందు చూడాల్సింది ఇదే. కరెంటు ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, బ్రష్షుతో శుభ్రం చేశాం. ఫ్యాను రొద తగ్గింది గానీ మన జబ్బు తగ్గలేదు. ఎందుకంటే మాది మొదటి నిమిషం నుంచే ఉన్న జబ్బు.

వి.ఎల్.సి. సెట్టింగుల్లో కేషింగ్ సమయం పెంచమని చాలామంది సలహా ఇస్తారు. డిస్కో నెట్‌వర్కో అప్పుడప్పుడు తడబడితే అది పనిచేస్తుంది. విప్పడమే ఆలస్యమైతే పనికిరాదు. ట్యాంకు పెద్దది కడితే బోరు ధార పెరగదు కదా. డీబ్లాకింగ్ ఫిల్టరును వదిలేయమనే సెట్టింగు పెడితే కొంత మెరుగుపడింది. కానీ బోర్డు మీద గళ్ళు గళ్ళుగా కనబడింది, ఫ్రేములు పోవడం పూర్తిగా ఆగలేదు.

చివరికి మీడియా ఇన్ఫో అనే చిన్న సాఫ్ట్‌వేరులో ఫైలు తెరిచి చదివాక మా తప్పు మాకే కనబడింది. హెచ్.265, 1080పి, 60 ఫ్రేములు. ఈ హెచ్.265 ప్రమాణం 2013లో వచ్చింది. 2003లో వచ్చిన హెచ్.264 కంటే ఫైలు బాగా చిన్నదవుతుంది గానీ విప్పడానికి లెక్కలు చాలా ఎక్కువ చేయాలి. కొత్త కంప్యూటర్లలో గ్రాఫిక్స్ చిప్పులోనే ఆ పనికి ప్రత్యేకమైన భాగం ఉంటుంది. ఇంటెల్ వాళ్ళు 2015లో తెచ్చిన ఆరో తరం ప్రాసెసర్లలో అది ఉంది. మా లాప్‌టాప్ అంతకన్నా కొత్తది కాబట్టి దానికి చెమట పట్టలేదు. హాస్టల్ కంప్యూటరు తయారయ్యేనాటికి హెచ్.265 పుట్టనే లేదు. దాని ప్రాసెసరు భారమంతా ఒంటరిగా మోసింది. ర్యామ్ పెంచినా ఈ లెక్కల్లో మార్పు ఉండేది కాదు. వార్డెన్ సారుకు ఆ మాట ఫోనులోనే చెప్పేశాం.

మందు ఫైలుకు వేయాలి. హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్.264, 720పి, సెకనుకు 30 ఫ్రేములు ఎంచుకున్నాం. విప్పిన బొమ్మల పరిమాణం సెకనుకు 186 ఎం.బి. నుంచి 41కి దిగింది, అంటే నాలుగున్నర వంతుల తేడా. 25 కాకుండా 30 ఎందుకంటే, 60లో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సరిగ్గా 30 వస్తాయి. 25 చేయాలంటే తీసే చిత్రాల మధ్య ఎడం సమంగా ఉండదు, కదలికలో చిన్న కుదుపు వస్తుంది. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగం మార్చేస్తూ ఉంటాయి కాబట్టి కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్ అనే దానికి టిక్కు పెట్టాం. ఫాస్ట్ డీకోడ్ అనే గడి కూడా ఉంది. విప్పడానికి బరువైన కొన్ని పద్ధతులను అది వాడనివ్వదు, బదులుగా ఫైలు కొంచెం పెరుగుతుంది. క్వాలిటీ అంకె 22. అది తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది.

ఇంకొకటి పాఠాలకే పనికొచ్చేది. వీడియోలో అన్ని చిత్రాలూ పూర్తి చిత్రాలు కావు. అప్పుడప్పుడు ఒక పూర్తి చిత్రం ఉంటుంది, మిగతావాటిలో మారిన భాగమే ఉంటుంది. మీరు "వెనక్కి వెళ్ళన్నా" అన్నప్పుడు ప్లేయరు దగ్గర్లోని పూర్తి చిత్రం పట్టుకుని అక్కడి నుంచి విప్పుకుంటూ రావాలి. సినిమా ఎవరూ మాటిమాటికీ వెనక్కి తిప్పరు, పాఠం తిప్పుతారు. అందుకని 60 ఫ్రేములకు, అంటే రెండు సెకన్లకు, ఒక పూర్తి చిత్రం తప్పనిసరిగా ఉండేలా పెట్టాం.

కొత్త ఫైళ్ళు ఒక్కోటి 330 ఎం.బి. దాకా వచ్చాయి. 16 జీబీ పెన్‌డ్రైవు కొన్నాం. ప్రాసెసరు సగానికి పైన ఎక్కలేదు. పోయిన ఫ్రేముల లెక్క సున్నా దగ్గరే నిలబడింది.

ఇప్పుడు ఆ చెరిపేసిన ఫైళ్ళ సంగతి. మాలో ఒకరి ఫోనులో, బద్ధకం పుణ్యమా అని, 9 పాఠాల అసలు ఫైళ్ళు మిగిలి ఉన్నాయి. అవి అద్దంలా వచ్చాయి. మిగతా 13 పాఠాలను ఆ 170 ఎం.బి. ఫైళ్ళ నుంచే మళ్ళీ తయారుచేయాల్సి వచ్చింది. కుదించేటప్పుడు పోయిన వివరం ఎన్ని సెట్టింగులు మార్చినా తిరిగి రాదు. మళ్ళీ కుదిస్తే ఇంకొంత పోతుంది. మనిషి ముఖంలో అయితే అది పెద్దగా తెలియదు. నల్లబోర్డు మీద సుద్దతో సన్నగా గీసిన మైనస్ గుర్తు మాత్రం పూర్తిగా మాయమైపోతుంది. వర్గ సమీకరణాల పాఠంలో సగం చోట్ల మైనస్ ఉందో లేదో చెప్పలేని స్థితి. పదో తరగతి పరీక్షలు మార్చిలో.

సారుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాం. కోప్పడతారనుకున్నాం. "పుస్తకం పెన్ను తెచ్చుకోండిరా" అన్నారు. 13 పాఠాలూ వేసుకుని, అనుమానం ఉన్న ప్రతి చోటా ఆపి ఆయన్ను అడిగాం. మూడు సాయంత్రాలు పట్టింది. ఆ నోటు పుస్తకమే స్టడీ హాల్లో కంప్యూటరు బల్లకు పురికొసతో కట్టి ఉంది. పాఠం నంబరు, నిమిషం, బోర్డు మీద అసలు ఏముందో వరసగా రాసి ఉంటుంది. 14వ పాఠం చూసేటప్పుడు 22వ నిమిషం దగ్గర ఆపి, ఆ పుస్తకం తెరవండి. అక్కడ రెండు మైనస్‌లు ఉన్నాయి, తెర మీద ఒకటే కనబడుతుంది.