కనుమ నాడు నీ జేబులో దొరికింది

విశాఖపట్నం

ఒరేయ్ నానీ,

కనుమ నాడు నీ జీన్స్ వాషింగ్ మెషీన్లో వేసేముందు జేబులు తడిమి చూశాను. ఉల్లిపొర కాగితాల చిన్న పుస్తకం ఒకటి దొరికింది. సగానికి పైగా అయిపోయింది. అట్ట అంచు సన్నగా చింపి ఉంది, ఫిల్టర్ చుట్టుకోడానికి. ఇరవై ఆరేళ్లు నర్సుగా చేశాను, ఆఖరి తొమ్మిదేళ్లు డీ-అడిక్షన్ వార్డులోనే. అదెందుకో నాకెవరూ చెప్పక్కర్లేదు. దాన్ని మళ్లీ నీ బ్యాగు పక్క జిప్పులోనే పెట్టేశాను. మీ అమ్మకి చెప్పలేదు, చెప్పాల్సింది నువ్వే. ఎదురుగా అడిగితే నీ చేత అబద్ధం ఆడించినదాన్నవుతానని ఇలా రాస్తున్నాను.

ఒక్క గంజాయి దమ్ముకే బతుకు బుగ్గిపాలవుతుందని నేను అనను. అలా బెదిరిస్తే, మొదటిసారి పీల్చి బాగానే ఉన్నవాడు ఆ తర్వాత మన మాట ఏదీ నమ్మడు. వార్డులో కొత్తలో నేనూ పిల్లల్ని "ఎవడ్రా నీకు అలవాటు చేసింది?" అనే నిలదీసేదాన్ని. ఎవడో రూమ్మేట్ పేరు చెప్పి తల దించుకునేవాళ్లు. అక్కడితో మాట ఆగిపోయేది. చాలా ఆలస్యంగా ప్రశ్న మార్చాను. "అది నీకేం పని చేసిపెట్టేదిరా?" అని అడిగాను. అప్పుడు నోళ్లు విప్పారు. తెలుగు మీడియం నుంచి వచ్చి, ఇంగ్లీషులో సెమినార్ చెప్పలేక నవ్వులపాలైనవాడు ఒకడు. అది ముట్టిస్తే రూములో అందరూ తనవాళ్లే అనిపించేదట. ఏడు బ్యాక్‌లాగులున్నాయని ఇంట్లో చెప్పలేక, నాన్న ఫోన్ చేసే ఆదివారం నాడే తాగేవాడు ఇంకొకడు. ఇంటర్ హాస్టల్లో రెండేళ్లు తెల్లారి అయిదింటికి లేపి రాత్రి పదకొండు దాకా చదివించి, ఇంజనీరింగ్‌లో చేర్చి, ఒక్కసారిగా గేటు తీసి వదిలేశాం. ఖాళీ సాయంత్రం దొరికితే ఏం చేసుకోవాలో మీకెవరం నేర్పలేదు. ఆ పాపంలో పెద్దవాళ్లం మాకూ వాటా ఉంది నాన్నా.

ఒక కుర్రాడు ఇంకా నా కళ్ల ముందే ఉన్నాడు. సెకండియర్. మాట్లాడుతున్నంతసేపూ దుప్పటి అంచు మడత పెట్టి విప్పుతూ ఉండేవాడు. "నిద్ర కోసమే మేడమ్, మానేస్తే అస్సలు పట్టదు" అనేవాడు. నిజమే, కానీ అది సగం నిజం. రోజూ తాగేవాడు మానగానే నిద్ర కరువవుతుంది, చిరాకు, చెమటలు, అన్నం సహించదు. గంజాయి కలల్ని అణిచిపెడుతుంది. మానాక అవన్నీ ఒక్కసారి మీద పడతాయి. నాలుగో రాత్రికి హడలిపోయి మళ్లీ ముట్టిస్తాడు, ఒళ్లెరక్కుండా నిద్రపోతాడు, తనకిది మందనుకుంటాడు. ఆ నిద్రలేమి తెచ్చిందే అదని తోచదు. రెండు మూడు వారాలు ఓపిక పడితే చాలామందికి నిద్ర దారికొస్తుంది. ఆ కుర్రాడికి పదహారో రాత్రి నిద్ర పట్టింది. పొద్దున్న టిఫిన్ బండి చప్పుడుకి కూడా కదల్లేదు. డ్యూటీ అయిపోయినా కాసేపు ఆ మంచం దగ్గరే నిలబడ్డాను.

ఇంట్లో నీకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. మీ తాతయ్య తమ్ముడికి ఇరవై రెండో ఏట నుంచీ ఎవరో పిలుస్తున్నట్టు వినపడేది. పెరట్లోకి వెళ్లి జవాబు చెప్పేవాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించారు. అది స్కిజోఫ్రీనియా అని నేను నర్సింగ్ చదివాక గాని తెలీలేదు. రక్తసంబంధీకుల్లో ఆ జబ్బు ఉన్నవాళ్లకి గంజాయి మిగతావాళ్లకన్నా ప్రమాదం. పైగా పాతికేళ్లు వచ్చేదాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. నీ స్నేహితులకి ఏమీ కాలేదు కదా అని నువ్వు ధైర్యం తెచ్చుకోకు.

మా వైపు పాడేరు ఏజెన్సీలో పండే శీలావతి రకం గంజాయి పేరు హైదరాబాద్ హాస్టళ్లలో కూడా తెలుసట. "విశాఖలో మీ పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నావుగా, ఓ ప్యాకెట్ తెచ్చిపెట్టు" అని ఎవరన్నా అడిగితే ససేమిరా అను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి కిలో దాకా చిన్న మొత్తమే, అయినా దానికీ ఏడాది వరకు జైలుంది. కిలో దాటితే పదేళ్లయినా పడొచ్చు. ఫ్రెండ్ కోసం మోశానంటే కోర్టు వినదు. అదే చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. అలవాటుపడినవాడు తనంతట తానే ప్రభుత్వ గుర్తింపున్న ఆస్పత్రికి వైద్యానికొస్తే, తాగినందుకు గాని, చిన్న మొత్తం దగ్గరున్నందుకు గాని ప్రాసిక్యూట్ చెయ్యరు. వైద్యం మాత్రం పూర్తిగా చేయించుకోవాలి. ఈ సంగతి తెలీక, పోలీసులకి పట్టిస్తారని హాస్పిటల్ మెట్లెక్కని పిల్లలు ఎందరో.

నాతో చెప్పలేకపోతే 14446కి ఫోన్ చెయ్యి, వ్యసనాల కోసమే పెట్టిన నంబరది. మనసు బాగోకపోతే 14416, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

నువ్వు మానాలనే నా కోరిక. కానీ ఇప్పుడే ఒట్టు వేయించుకోను. ఈ వారం ముట్టించాలనిపించిన ప్రతిసారీ, దానికి గంట ముందు ఏం జరిగిందో ఫోన్లో నాలుగు ముక్కలు రాసి పెట్టుకో. ఎవరు ఏమన్నారు, మెస్‌లో తిన్నావా లేదా, ఏ రిజల్ట్ వచ్చింది, అంతే. ఆదివారం రాత్రి నేను మెలకువగానే ఉంటాను. అవి చదివి వినిపించు.

మీ పెద్దమ్మ