మంచం పక్కన సెల్‌ఫోన్

చదవవలసిన వాక్యభాగం: మార్కు సువార్త 2వ అధ్యాయం, 1 నుండి 12 వచనాలు



మీవారిని తీసుకొని ఆసుపత్రికి వచ్చాక ఎదురుచూపులు మొదలవుతాయి. డాక్టరుగారి రౌండ్లు అయిపోతాయి. సెలైన్ చుక్క చుక్కగా దిగుతూ ఉంటుంది. రిపోర్టులు సాయంత్రానికి గాని రావు. ఆ సమయంలో చేతిలోకి వచ్చేది సెల్‌ఫోన్. 2016లో ఇంటర్నెట్ చౌక అయినప్పటి నుండి ఏ వార్డులో చూసినా ఇదే సంగతి. ఫోను చెడ్డదని చెప్పడానికి ఈ పాఠం రాయడం లేదు. అర్ధరాత్రి రక్తం కావలసి వస్తే దాతను పిలిచేది దానితోనే. దుబాయిలో ఉన్న కొడుకు ముఖాన్ని తల్లికి చూపించేదీ అదే. అయితే రోగి మంచం పక్కన అది ఇంకా ఏమేమి చేస్తున్నదో మనం ఆలోచించాలి.

కపెర్నహూములో పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొని వచ్చారు. ఇంటినిండా జనం, వాకిట్లో కూడా చోటు లేదు. వాళ్ళు పైకెక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా అతణ్ణి లోపలికి దించారు. ఆ నలుగురి పేర్లు మనకు తెలియవు. వాళ్ళు మాట్లాడిన మాట ఒక్కటి కూడా సువార్తలో లేదు, చేసిన పని మాత్రమే ఉంది. ప్రభువు చూసింది కూడా వాళ్ళ విశ్వాసాన్నే. రోగి తరఫు బంధువులకు ఇంతకంటే దగ్గరగా ఉండే కథ నాకు కనబడదు. ఒక చేతిలో ఇంకేదో పెట్టుకొని పరుపు మోయలేము గదా!

మన వార్డులో పరుపు మోయడమంటే ఏమిటి? కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం కమిలి పుండు పడుతుంది. ఆ పుండు పడటానికి ఒకటి రెండు రోజులు చాలు, మానడానికి నెలలు పడుతుంది. పక్షవాతం వచ్చినవారికి మింగగలరో లేదో పరీక్షించి మేము చెప్పేవరకు నీళ్ళు కూడా నోట పోయవద్దు. చెప్పిన తరువాత వెనుక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి. చిన్న ముద్ద పెట్టి, అది మింగాక ఇంకొక ముద్ద పెట్టండి. తిన్న తరువాత అరగంట అలాగే కూర్చోనివ్వండి. పొలమారినది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. సీరియల్ చూస్తూ స్పూను అందించేవారికి ఆ చిన్న దగ్గు వినబడదు.

పెద్ద వయసు వారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పగలు బాగానే మాట్లాడిన తాతగారు రాత్రి అయ్యేసరికి కొడుకును గుర్తుపట్టరు. లేని మనుషులు వచ్చారంటారు, సెలైన్ సూది పీకేస్తారు. కొందరు గాలి సోకిందని భయపడతారు. దీన్ని డెలీరియం అంటారు. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు గాని సోడియం గాని తగ్గడం, కొన్ని మందులు, నిద్ర లేకపోవడం, ఇలా కారణాలు చాలా ఉంటాయి. వెంటనే సిస్టరుకు చెప్పండి, తెల్లవారేదాకా ఆగవద్దు. ఇది రాకుండా చూడటంలో మందులకంటే మీ పాత్రే పెద్దది. కళ్ళజోడు, చెవి మిషను ఇంటి నుండి తెప్పించండి. పగలు కిటికీ తెరవండి. ఈ రోజు ఏ వారమో, ఏ ఊరి ఆసుపత్రిలో ఉన్నారో మాటల్లో చెబుతూ ఉండండి. రాత్రి చీకటిగా, నిశ్శబ్దంగా ఉండనివ్వండి. మీరు సౌండు పెట్టి చూసే వీడియో మీ రోగినే కాదు, పక్క మంచం మీద ఆపరేషన్ అయిన తల్లిని కూడా నిద్రపోనివ్వదు. యోబు స్నేహితులు మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడక అతనితో నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసినదంతటిలో మంచి పని అదే అని నా అభిప్రాయం. నోరు తెరిచిన తరువాతే కదా చిక్కులన్నీ వచ్చాయి.

ఇక ఫోటోలు. ముక్కులో గొట్టం, సరిగా బట్ట లేని ఒళ్ళు, స్పృహ లేని తండ్రి. ఆ ఫోటో తీసి, ప్రార్థించండి అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. ప్రార్థన కోరడం మంచిదే, పేరు చెబితే చాలు. దేవునికి ఫోటో చూపించనక్కర లేదు. నోవహు వస్త్రహీనుడై పడి ఉన్నప్పుడు ఒక కుమారుడు చూసి బయటికి వెళ్ళి చెప్పాడు. షేము, యాపెతు మాత్రం బట్ట భుజాల మీద వేసుకొని, వెనుకకు నడిచి, తండ్రిని చూడకుండా కప్పారు. ప్రభువు కూడా చెవిటివానిని జనంలో నుండి ఏకాంతానికి తీసుకుపోయి బాగుచేశాడు. మీ ఫోటోలో పక్క మంచం వారు పడినా తప్పే. ఎవరికైనా హెచ్.ఐ.వి. ఉన్న సంగతి వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017లో చేసిన చట్టం నిషేధించింది కూడా.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది ఫోనులో వచ్చే సలహాలు. ఈ ఆకు రసం తాగితే షుగరు పోతుందని ఒకరు, ప్రార్థన చేసి మందులు ఆపితేనే విశ్వాసమని ఇంకొకరు పంపుతారు. ఫిట్స్ ఉన్న ఒక పిల్లవానికి ఇలాగే మాత్రలు ఒక్కసారిగా ఆపారు. నాలుగు రోజులకు ఫిట్స్ ఆగకుండా రావడంతో రాత్రివేళ తెచ్చారు. తండ్రి నాకు ఫోనులో ఆ మెసేజి చూపించి, "నమ్మకం లేకనా సిస్టర్, నమ్మకంతోనే కదా ఆపాము" అన్నాడు. అతని ప్రేమ నిజమైనదే, అతణ్ణి తిట్టవలసిన పని లేదు. కాని ఆ మెసేజి పంపినవారు ఆ రాత్రి మా వార్డులో లేరు.

హిజ్కియా రాజు కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు అతనికి 15 సంవత్సరాల ఆయుష్షు పెంచాడు. ఆ కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. మంచి సమరయుడు కూడా గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తరువాత చూసుకోవడానికి పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చాడు. ప్రార్థన మానమని మేము ఎన్నడూ చెప్పము. ఫిట్స్ మందు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకండి. పుట్టు షుగరు అని మీరు పిలిచే చిన్నపిల్లల షుగరులో ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందు వాడాలి. దగ్గు తగ్గిందని మధ్యలో వదిలితే మందులకు లొంగని క్షయగా మారవచ్చు, ఇంట్లోవారికీ అదే అంటవచ్చు. ఏదైనా మెసేజి వచ్చి మనసులో అనుమానం కలిగితే దాన్ని రౌండ్ల వేళకు తెచ్చి చూపించండి. మీరు అడిగారని ఎవరూ కోప్పడరు.

ఫోనుతో చేయవలసిన మంచి పనులు కూడా ఉన్నాయి. మాత్రల వేళకు, పక్కకు తిప్పే వేళకు అలారం పెట్టుకోండి. డిశ్చార్జి కాగితం ఫోటో తీసి దాచుకోండి, పోయినా మళ్ళీ చూపించవచ్చు. 108 నంబరు ఇంట్లో అందరికీ నేర్పండి. రోగిని ముట్టుకునే ముందు, ఫోను పట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోండి, ఆ ఫోను ఎక్కడెక్కడ పెట్టి వచ్చారో మీకే తెలుసు.

ఒక చివరి మనవి. ఛార్జింగ్ కోసం మంచం పక్కన ఉన్న ప్లగ్గులు తీయకండి. అది ఆక్సిజన్ మిషనుదో, మందు పంపించే పంపుదో కావచ్చు. ఎక్కడ పెట్టుకోవచ్చునో డ్యూటీ సిస్టరును అడగండి, చూపిస్తారు. ఫోను అక్కడ పెట్టి మీ మంచం దగ్గరికి వెళ్ళండి.