నియమితకార్యముల ఆలస్యము: కారణము కనుగొను విధము

మన అనంతపురపు సీమలో కాలువ చివరిమడికి నీరందనప్పుడు రైతు వెంటనే చెఱువును నిందింపఁడు. నీరుగంటివాఁడు తూము మొదలుకొని కాలువ వెంబడి నడచి, ఎచ్చట పూడినదో, ఎచ్చట గండిపడినదో చూచును. కంప్యూటరు విషయమునందును మార్గ మిదియే యని మేము కొంత సిగ్గుతో నేర్చుకొంటిమి.

1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సు అను వ్యవస్థను ఆరంభించిరి. దాని పోలికతో 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్సే మన పాఠశాల ప్రధానయంత్రమును నడపుచున్నది. ఇందు క్రాన్ అను మేస్త్రి యొకఁడు కలఁడు. పాత లాగ్ ఫైళ్లను చుట్టిపెట్టుట, ఫైళ్ల పేర్ల పట్టిక కట్టుట మొదలగు పనులను వేళకు చేయించుట వీని వంతు. డెబియన్ వర్గపు లైనక్సులో దినకార్యములకు సాధారణముగా ఉదయము 6 గంటల 25 నిమిషములు నిర్ణయింపఁబడి యుండును.

కొన్ని మాసములుగా మొదటి పీరియడులో యంత్రము మందగించుచు వచ్చెను. పిల్లలు ఆటలు ఎక్కించిరని తలంచి, వారిని వారము దినములు గదిలోనికి రానీయలేదు. క్రొత్త యంత్రమునకు ధనసహాయము కోరుచు తల్లిదండ్రులకు జాబుకూడ వ్రాసితిమి. వేరుసెనగ యెండిన సంవత్సరమున దానిని పంపుటకు మనసొప్పలేదు. ముందుగా పరీక్షింప నిశ్చయించితిమి.

మొదటి ప్రశ్న: ఆలస్య మెప్పుడు? యంత్రమును వెలిగించిన 5 నిమిషములకు. రాత్రి దాని నార్పివేయుదుము గనుక 6-25కు క్రాన్ మేల్కొని యుండఁడు. తప్పిపోయిన దినకార్యములను, యంత్రము వెలిగిన పిదప 5 నిమిషము లాగి, అనాక్రాన్ అను తోడి మేస్త్రి చేయించును. అప్పటికి పిల్లలు బల్లలకడ కూర్చుందురు.

రెండవ ప్రశ్న: ఏ పని? దినకార్యములు ఒకదాని వెనుక నొకటి నడచును. ముందుది తడసిన వెనుకవన్నియు తడయును. కావున చివర ముగిసినదే దోషి యనరాదు. ఒక్కొక్కదానిని విడిగా నడపి టైమ్ అను ఆజ్ఞతో కొలిచితిమి. తక్కినవి క్షణములలో ముగిసెను. పట్టిక కట్టు అప్‌డేట్‌డీబీకి మాత్రము 40 నిమిషములు పట్టెను.

మూడవ ప్రశ్న: అది దేనికొఱకు వేచియున్నది? టాప్ అను ఆజ్ఞతో చూడఁగా, ప్రాసెసరు పనిలేక డిస్కుకొఱకు ఎదురుచూచుచుండెను. అప్‌డేట్‌డీబీ ఫోల్డరు లన్నిటిని తిరిగి చూడవలెను. పాఠశాల దస్తరముల నకళ్లను దినమున కొక క్రొత్త ఫోల్డరు చొప్పున దాచుచు వచ్చినది మేమే! నకళ్లు పెరిగినకొలఁది దాని త్రోవయు పెరిగెను.

నకళ్లు కావలసినవే, వానిని చెఱుపలేదు. అప్‌డేట్‌డీబీ అమరికల ఫైలులో ప్రూన్‌పాత్స్ అను వరుసయందు ఆ నకళ్ల త్రోవను చేర్చి, దానిని విడిచిపెట్టు మని తెలిపితిమి. వేఱేమియు మార్పక మరల కొలిచితిమి. పని 2 నిమిషములలో ముగిసెను.

జాబును చింపివేసితిమి. పిల్లలయెదుట మా తప్పు నొప్పుకొంటిమి.

విద్యార్థులారా, ముందు వేళను, పిమ్మట పనిని, ఆ పిమ్మట అది వేచియుండు వస్తువును తెలిసికొనుఁడు. ఒక్కసారి ఒక్క మార్పే చేసి మరల కొలువుఁడు. కొలువకముందు ఎవరిని నిందింపకుఁడు.